పద్నాలుగో వరస

రోగాన్ని మేము రోట్లో నూరుతాం.
ముందు అది చెప్పాలి,
లేకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.
ముడుచుకుపోయిన బొప్పాయాకు, గుప్పెడు మంచుగడ్డలు,
చిటికెడు గరుకు పొడి.
ఆ పసరులో వేలు ముంచి
నాలుగాకుల మొలక మీద మెల్లగా రుద్దుతాం,
చంటిబిడ్డకి నూనె రాసినట్టు.

మూడొందల పన్నెండు మొక్కలు.
అన్నిటికీ నేనే నీళ్లు పోశాను.
అన్నిటికీ నేనే రోగం పెట్టాను.

గుణుపూర్‌కి ఇవతల, వంశధార ఒడ్డున
ఇసక కలిసిన ఎర్రనేల, మూడెకరాలు.
ఒకప్పుడు ఈ దారి పొడుగునా తోటలే.
ఒక వానాకాలం వెళ్లేసరికి ఆకులు చెప్పుల వారుల్లా సన్నబడి
కాయల మీద నూనె చుక్కల్లాంటి ఉంగరాలు.
బనమాలి బిసోయి తన ఎనిమిది వందల చెట్లూ తనే నరికి
ఒక మోడు మీద కూచుని బీడీ కాల్చాడు.
"మా ఒడియాలో దీని పేరు అమృతభండ" అన్నాడు.
ఇంకేం అనలేదు.

పాఢి మేడమ్ బరంపురం నుంచి పుప్పొడి తెచ్చింది.
బొప్పాయికి దూరపు చుట్టమట,
ఎక్కడో చలికొండల్లో నిమ్మకాయంత కాయలు కాస్తుందట,
ఎవరూ తినరు, తెగులూ అంటదు.
మన చెట్టు ఆ సంబంధం ఒప్పుకోలేదు.
పువ్వు నోటికి పంచదార నీళ్లు తడిపాం.
రాల్చేసింది.
మళ్లీ తడిపాం.
ఒక కాయ నిలిచింది, కోస్తే గింజలన్నీ డొల్ల.
ఒక్క డొల్లలో ఆవగింజలో సగం ప్రాణం,
సూదిమొనతో తీసి గాజు గొట్టంలో పెంచాం.
మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా మొదలెట్టిన పని.
ఇప్పుడది ఇంటరు చదువుతోంది.
ఈ మూడొందల పన్నెండూ
ఆ సగం ఆవగింజ మనవలు.

ఇరవయ్యో నాటికి ఈనెల మధ్య పసుపు.
నలభయ్యో నాటికి వరసలకి వరసలు తలలు వాల్చాయి.
నా పుస్తకం నిండా మూళ్లు, నాలుగులు, ఐదులు.
ఐదంటే ఇంక రాయక్కర్లేదని.
పద్నాలుగో వరసలో మూడోది
సున్నా.
మర్నాడూ సున్నా.
అనుమానమొచ్చి మళ్లీ రుద్దాను, ఈసారి చేతులు వణికాయి.
సున్నా.
లెక్కల్లో తప్పిన మనిషిని నేను,
సున్నాని ఇంత ముద్దుగా ఎప్పుడూ చుట్టలేదు.

నాలుగో నెలలో పూసింది.
పొడుగాటి కాడలు, వేలాడే గుత్తులు.
మగది.

సుగామి గొమాంగో నడుమున కత్తి తీసింది.
ఆమె తప్పేం లేదు,
కొండ మీద పెరట్లోనైనా, ఇక్కడ కూలికైనా
మగ బొప్పాయి కనబడితే కొట్టెయ్యడమే కదా పద్ధతి.
"కాయందానికి నీలెందుకు బాబూ?"
నేను అడ్డం నిలబడ్డాను.
కొంచెంసేపు అలాగే ఉన్నాం,
కత్తి, నేను, ఆ తెల్లపూల తీపి వాసన.
ఎలా చెప్పాలో తెలీక
ఒక పువ్వు తుంచి ఆమె అరచేతిలో విదిల్చాను.
పచ్చటి ధూళి, కాయకాచిన గీతల్లోకి దిగింది.
చాలాసేపు చూసింది.
"ఇది కాయదు. కాయిస్తాది" అంది.

మర్నాడు నాకంటే ముందే, చీకట్లో వచ్చి కూచుంది.
తియ్యటి తల్లిచెట్టు, తెగులొస్తే అందరికంటే ముందు చచ్చే జాతి,
దాని మొగ్గకి నిన్ననే వెన్నకాగితం సంచి కట్టాం.
ఇవాళ ఆ ముడి విప్పి
కత్తి పట్టిన చేత్తోనే ఆమె పుప్పొడి అద్దింది.
ఊపిరి బిగబట్టి.

చీటీ మీద తల్లి పేరు రాశాను.
తండ్రి దగ్గర, పద్నాలుగు బై మూడు.
"దానికి పేరెట్టలేదేటి?" అని అడిగింది.
ఇంకా లేదన్నాను.

ఈ కాయ నిలిచి పండితే లోపల ఐదొందల గింజలు.
ఐదొందలకీ నీళ్లు పొయ్యాలి.

రోలు కడిగి
ఎండలో బోర్లించాను.